మూడు కుర్చీలూ ఒక చర్చి ఆవరణ: కారంచేడు శిబిరం నుంచి సర్వమత సంఘాల దాకా

మూడేళ్ళపాటు నేనొక సర్వమత సేవాసంఘం కార్యవర్గంలో సభ్యుడిగా ఉన్నాను. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట సముద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న పట్నం. సంఘం పేరూ పెద్దల పేర్లూ ఇక్కడ అవసరం లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. తుఫానొస్తే అన్నం పొట్లాలు కట్టి పంచుతారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ ఇస్తారు. వినాయక నిమజ్జనం నాడు గొడవలు రాకుండా పోలీసులతో కలిసి వీధుల్లో తిరుగుతారు. నన్నెందుకు తీసుకున్నారో మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. రిజిస్టరయిన సంఘానికి తీర్మానాల పుస్తకం ఉండాలి, ఏటా లెక్కలు పంపాలి, ఎవరో ఒకరు అవన్నీ రాయాలి. చదువుకున్న కుర్రాడు, కులం పేరెత్తకుండా మర్యాదగా ఉంటాడు అనుకున్నారు.

వేదిక మీద ఎప్పుడూ మూడు కుర్చీలు. హిందువుల తరఫున ఒకరు, ముస్లింల తరఫున ఒకరు, క్రైస్తవుల తరఫున ఒకరు. హిందువుల కుర్చీలో మూడేళ్ళలో ముగ్గురు మారారు. ఒకాయన ఒకప్పటి దేవస్థానం ధర్మకర్త, ఇంకొకాయన రైసుమిల్లు యజమాని, మూడో ఆయన రిటైరయిన హెడ్మాస్టరు. ముగ్గురూ అగ్రకులాలవాళ్ళే. క్రైస్తవుల కుర్చీలో ఒక పాస్టరుగారు. ఆయన పుట్టింది మాలపల్లెలో. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయనా అనడు.

ఒకసారి ఎజెండాలో నేనొక విషయం రాసుకొచ్చాను. దగ్గర్లోని ఒక మాదిగపల్లెకు శ్మశానానికి పోయే దారి లేదు. శవాన్ని మోసుకుపోయే గట్టుకు ఒక ఆసామి ముళ్ళకంచె వేశాడు. పల్లెవాళ్ళలో సగం మంది సమాధి దగ్గర ప్రార్థన చేయించుకుంటారు, సగం మంది చేయించుకోరు. శవాన్ని మొయ్యాల్సిన గట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే. మన సంఘం తరఫున నలుగురం వెళ్ళి ఆ ఆసామితో మాట్లాడదామన్నాను. అధ్యక్షులవారు నవ్వి, 'బాబూ, అది కుల సమస్య. మనది మతాల సంఘం. దాన్ని దీన్లోకి లాగితే ఉన్న సామరస్యం కాస్తా పోతుంది' అన్నారు. పాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నారు.

ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు నాకు కారంచేడు గుర్తొచ్చింది. ఆ పేరు మనకు హత్యాకాండగానే తెలుసు. దాని తర్వాత చీరాల చర్చి ఆవరణలో నెలల తరబడి నడిచిన శిబిరాన్ని సర్వమత సంఘంగా ఎవరూ లెక్కవెయ్యలేదు. అక్కడ వేరువేరు మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ కలిసి కూచున్నారు. కలిసి నిర్ణయాలు తీసుకున్నారు. వాళ్ళను కూచోబెట్టిన లెక్క మాత్రం మతం లెక్క కాదు. ఈ వ్యాసం ఆ లెక్క గురించి.

జరిగిందేమిటో పిల్లలకు తెలియకపోవచ్చు గనక కొంచెం చెప్పుకోవాలి. 1985 జులై 16న కారంచేడు మాదిగపల్లెవాళ్ళు తాగే నీళ్ళ చెరువు దగ్గర ఇద్దరు కమ్మ యువకులు గేదెలకు కుడితిపెట్టి, ఆ మురికి బకెట్లు చెరువు గట్టునే కడుగుతున్నారు. అవి తాగే నీళ్ళని కత్తి చంద్రయ్య అనే కుర్రవాడు అడ్డుచెప్పాడు. అతన్ని కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త ఆపబోతే ఆమె మీదికీ కర్ర లేచింది. ఆమె చేతిలో బిందె ఉంది. ఆ బిందె ఎత్తింది. ఒక మాదిగ ఆడమనిషి తనను తాను కాపాడుకోడానికి బిందె ఎత్తడం ఊరిపెద్దలకు సహించలేని విషయమైంది. మర్నాడు, జులై 17 పొద్దున్నే, గొడ్డళ్ళతో బరిసెలతో పల్లె మీద పడ్డారు. పొలాల్లోకి పారిపోయినవాళ్ళను తరిమి తరిమి నరికారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. ఆరుగురు చనిపోయారు. దుడ్డు వందనం, దుడ్డు రమేష్, దుడ్డు అబ్రహాం, తేళ్ళ మోషే, తేళ్ళ ముత్తయ్య, తేళ్ళ యెహోషువ.

ఆ ఆరు పేర్లు ఇంకొకసారి చదవండి. అబ్రహాం, మోషే, యెహోషువ బైబిలు పేర్లు. ముత్తయ్య, రమేష్ ఊళ్ళో ఎవరికైనా ఉండే పేర్లు. వందనం అన్నది మన పల్లెల్లో క్రైస్తవం తెచ్చిన తెలుగు పేరు. బిందె ఎత్తిన ఆమె పేరు సువార్త. గొడ్డలి పట్టుకున్నవాడు ఈ పేర్లలో ఏది ఏ మతానిదో విడదీసి చూళ్ళేదు. వాడికి తెలిసిన పేరు ఒక్కటే, మాదిగ.

ఆ పేర్లు ఆ పల్లెల్లోకి ఎట్లా వచ్చాయో చూస్తే సర్వమత సంఘాల కుర్చీల కథ అక్కడే మొదలైందని తెలుస్తుంది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. బాప్టిస్టు మిషనరీ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఏ మిషను ఏ పల్లెకు చేరిందన్నది ఊరూరికీ వేరుగా ఉంటుంది గానీ, ఒంగోలు కథ మనకు చాలా విషయాలు చెబుతుంది. క్లౌ దొర దగ్గరికి మొదట్లో పైకులాలవాళ్ళు కొందరు ఆసక్తిగా వచ్చేవాళ్ళు. పిల్లల్ని బడికి పంపారు. ఈలోగా యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగవాడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, అంతకుముందే యోగమార్గం పట్టి గురువుల వెంట తిరిగినవాడు. మాటలో పదునున్నవాడు. అతని వెనక పల్లెలకు పల్లెలు కదిలాయి. పైకులాలవాళ్ళు అప్పుడు దొరకు ఒక షరతు పెట్టారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము. దొరా, ఆయన భార్యా ఆలోచనలో పడ్డారు. చివరికి పేరయ్య వైపు నిలబడ్డారు. బడిలోంచి అగ్రకుల పిల్లలు వెళ్ళిపోయారు.

ఇది మిషనరీల గొప్పతనం చెప్పడానికి రాయడం లేదు. గమనించాల్సింది ఆ షరతు. 'మీ దేవుడు మంచివాడే, వాళ్ళుంటే మాత్రం మేం ఉండం' అనే షరతు. దేవుడితో వాళ్ళకు పేచీ లేదు, పక్కన కూచునేవాడితోనే పేచీ. సర్వమత సంఘంలో 'కులం సంగతి ఎత్తొద్దు' అనేది ఆ షరతుకు మనవడు.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వేలమంది మాల మాదిగలకు అక్కడ పని దొరికింది. సాయం పంచుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం మతం మారారనే మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంత చేసినా 'బియ్యం క్రైస్తవులు' అనే ఎత్తిపొడుపు తప్పలేదు. ఈనాటికీ తప్పలేదు. ఆకలితో ఉన్నవాడు అన్నంతోబాటు మర్యాద కూడా కోరుకుంటాడనే సంగతి అనేవాళ్ళకు తట్టదు. సువార్త అనీ యెహోషువ అనీ పేరు పెట్టుకోవడంలో ఆ మర్యాద కోరిక ఉంది. ఊరు పెట్టే పుల్లిగాడు, పెంటయ్య లాంటి పేర్ల నుంచి అది విడుదల. నూటేడేళ్ళ తర్వాత ఇంకో జులైలో అవే పేర్లు మృతుల జాబితాలోకెక్కాయి.

కారంచేడు నుంచి చీరాల ఏడెనిమిది కిలోమీటర్లు. బతికినవాళ్ళు దొరికిన దారిన చీరాలకు పరిగెత్తారు. గాయాలతో, పసిపిల్లల్తో, కట్టుబట్టల్తో. చేరింది చర్చి ఆవరణకి. ఎందుకని చర్చికే? భక్తి ఒక కారణం అయ్యుండొచ్చు. అంతకంటే పెద్ద కారణం, ఆ పట్నంలో ఒక మాదిగ కుటుంబం ఎవరినీ అడక్కుండా నడిచిపోయి కూచోగలిగిన జాగా అదొక్కటే. గుడి ముందు కూచోలేరు. సత్రంలో దిగలేరు. ఆసామి దొడ్లో ఉండలేరు. ఈ దేశంలో దళితుడికి 'ఇది మాది' అని చెప్పుకోగలిగిన ఉమ్మడి స్థలం దాదాపు లేదు. చర్చి కాంపౌండు గోడ ఆ కొద్దిపాటి స్థలాల్లో ఒకటి. అందుకే చర్చిని మతసంస్థగా మాత్రమే చూసేవాళ్ళకు ఈ చరిత్ర అర్థం కాదు. భూమి లేనివాళ్ళకు అది భూమి.

చీరాలకు ఊరు వదిలిపోవడం కొత్తేం కాదు. 1921లో పురపాలక సంఘం పన్నులకు ఎదురుతిరిగి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల పేరాల జనం ఇళ్ళు ఖాళీచేసి పొలిమేరల్లో రామ్‌నగర్ కట్టుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. స్కూలు పుస్తకాల్లో అది త్యాగం. 1985లో అదే చీరాలకు మాదిగలు ఊరు వదిలొచ్చి 'తిరిగి పోం' అంటే అది మాత్రం శాంతిభద్రతల సమస్య అయింది.

శిబిరం దగ్గరికి ఎవరెవరు వచ్చారో చూద్దాం. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చి బొజ్జా తారకం వచ్చారు. అంబేద్కర్ ఆలోచనతో పనిచేసిన న్యాయవాది. పొన్నూరు నుంచి కత్తి పద్మారావు వచ్చారు. సంస్కృతం చెప్పే అధ్యాపకుడు, హేతువాద ఉద్యమం నుంచి వచ్చినవాడు. దేవుడు లేడని సభల్లో చెప్పినవాడు చర్చి ఆవరణలో కూచుని సంఘం కట్టాడు. పౌరహక్కులవాళ్ళొచ్చారు, విప్లవ పార్టీల సానుభూతిపరులొచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లోంచి మాలలూ మాదిగలూ తోచిన సాయం తెచ్చారు. అక్కడ ఒకరు మోకరించి ప్రార్థన చేసుకుంటుంటే ఇంకొకరు అంబేద్కర్ గురించి మాట్లాడారు. ఎవరూ ఎవరి నోరూ నొక్కలేదు. ప్రార్థన చేసేవాడికి హేతువాదిని చూసి కోపం రాలేదా అని ఎవరైనా అడగొచ్చు. వచ్చే ఉంటుంది. తన తమ్ముణ్ణి నరికినవాడికి శిక్ష పడాలనేవాడు పక్కన నిలబడితే, వాడు దేవుణ్ణి నమ్ముతాడా లేదా అనేది తర్వాత తేల్చుకునే సంగతి అయింది. నన్నడిగితే మత సామరస్యానికి అంతకంటే గట్టి పునాది ఇంకోటి లేదు.

మన ఉద్యమాన్ని మనమే దేవతార్చనగా చెయ్యకూడదు గనక కొన్ని లోట్లు కూడా చెప్పాలి. బాధితులు మాదిగలు, పేరొచ్చిన నాయకులు ఎక్కువమంది మాలలు. ఆనాటికది ఐక్యతగానే కనబడింది. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే, 1994 జులై 7న, అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. దానికి కారణాలు రిజర్వేషన్ల పంపకంలో ఉన్నాయి గానీ, 'మా గురించి ఎవరు మాట్లాడుతున్నారు' అనే ప్రశ్న అంతకుముందు నుంచే పల్లెల్లో ఉంది. ఇంకొక లోటు, ఈ కథంతా మొదలైంది ఒక ఆడమనిషి బిందెతో. ఆ తర్వాత మనం పదేపదే చెప్పుకునే నాయకుల పేర్లలో ఆడవాళ్ళ పేర్లు వెతికితే గానీ దొరకవు. సువార్త స్తూపం కథలో ఉంటుంది, కమిటీ కథలో ఉండదు.

ఆ పోరాటంలోంచే 1985లో ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ పుట్టింది. తారకం అధ్యక్షుడు, పద్మారావు ప్రధాన కార్యదర్శి. శిబిరం తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనబడేది కారంచేడుకు తిరిగి వెళ్ళకూడదని తీసుకున్నది. రాజీ చెయ్యాలని చూసే శాంతి కమిటీలు ఎప్పుడైనా మొదట కోరేది, బాధితులు ఊరికి తిరిగెళ్ళి పన్లోకి దిగడం. కోతలు ఆగిపోతాయి కదా. శిబిరం ఆ దారి పట్టలేదు. చీరాలలోనే ఉండడానికి చోటు కావాలని పట్టుబట్టారు. విజయనగర్ కాలనీ అట్లా వచ్చింది.

ఇంకో తేదీ చెప్పాలి. కారంచేడు జరిగిన రెండున్నర నెలలకు, 1985 సెప్టెంబరు 30న, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు ఇచ్చింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి. ఆది ద్రావిడుడు, క్రైస్తవుడు. రోడ్డు పక్కన కూచుని చెప్పులు కుట్టే షెడ్యూల్డు కులాలవాళ్ళకు ప్రభుత్వం బంకులు ఉచితంగా ఇచ్చింది. అతనికి ఇవ్వలేదు. క్రైస్తవుడు గనక షెడ్యూల్డు కులస్తుడు కాదన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. ఆ పేరాను 1956లో సిక్కులకోసం, 1990లో బౌద్ధులకోసం సడలించారు. క్రైస్తవులకూ ముస్లింలకూ సడలించలేదు. మతం మారాక కూడా కులం వల్ల వచ్చే కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపలేదని కోర్టు సూసై పిటిషను కొట్టేసింది. ఆ సమయానికి చీరాలలో తేళ్ళ, దుడ్డు ఇంటిపేర్ల మనుషులు ఒంటిమీది గాయాలతోనే చూపిస్తున్నారు. ఢిల్లీకి అవి సాక్ష్యంగా చేరలేదు.

మన ప్రాంతం దీన్లో కోర్టులకు పాఠ్యపుస్తకంలాంటిది. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసొకటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. క్రైస్తవంలోకి మారిన మాదిగ తలిదండ్రులకు పుట్టిన కుర్రవాడు తాను హిందువునయ్యానని చెప్పి షెడ్యూల్డు కులాల సీటు అడిగాడు. హిందూమతంలోకి వచ్చాక ఆ కులంవాళ్ళు తమలోకి తీసుకుంటే అతనిది ఆ కులమేనని కోర్టు చెప్పింది. అంటే పుట్టిన పల్లె మారలేదు, పక్కింటివాళ్ళు మారలేదు. మారింది ఒక్క కాగితం. మన రాష్ట్రంలో క్రైస్తవులైన మాల మాదిగల్ని బి.సి. సి గ్రూపులో పెట్టారు. ఒక్క శాతం రిజర్వేషను. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో, నమ్మకం లేకుండా ఉద్యోగం కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమని సుప్రీంకోర్టు అంది. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారిన రోజే షెడ్యూల్డు కులహోదా పోతుందనీ, సర్టిఫికెట్ చేతిలో ఉన్నా అత్యాచార నిరోధక చట్టం అతనికి వర్తించదనీ తీర్పునిచ్చింది. ఆ ఊరు పిట్టలవానిపాలెం మండలంలోది. కారంచేడూ, చుండూరూ, ఆ ఊరూ, మూడూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి.

ఆ అత్యాచార నిరోధక చట్టం 1989లో వచ్చింది. కారంచేడు, నీరుకొండ లాంటి ఊళ్ళ రక్తం దాని వెనక ఉంది. యెహోషువ, మోషే లాంటి పేర్లవాళ్ళ చావు ఆ చట్టాన్ని తెచ్చింది. అదే పేరున్నవాడు ఇవాళ పోలీసు స్టేషనుకెళితే ఆ చట్టం నీది కాదంటున్నారు. అందుకని మనోళ్ళు ఏం చేస్తున్నారు? ఆదివారం ప్రార్థనకు పోతారు, సర్టిఫికెట్టులో హిందువని రాయించుకుంటారు. పిల్లవాడికి ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకొక పేరు. దీన్ని మోసమనేవాళ్ళు ఒక్కమాటకు జవాబు చెప్పాలి. నమ్మకానికీ బువ్వకూ మధ్య ఒకటే ఎంచుకోమని వాళ్ళనెవరూ ఎందుకు అడగరు?

ఇప్పుడు సర్వమత సంఘం వేదిక దగ్గరికి రండి. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు, ఊరి దృష్టిలో మాదిగ అయిన మనిషికి ఆ మూడు కుర్చీల్లో ఏది? హిందువుల కుర్చీలో కూచోబెట్టరు. క్రైస్తవుల కుర్చీలో కూచుని నోరు తెరిచి 'నేను మాదిగను' అంటే సర్టిఫికెట్టుకు ముప్పు. పాస్టరుగారు ఆ రోజు కిటికీవైపు చూడడం పిరికితనమని నేను చాలాకాలం అనుకున్నాను. ఆయన పిల్లల చదువులు, వాళ్ళ సర్టిఫికెట్లు గుర్తొచ్చాక అట్లా అనుకోడం మానేశాను.

చర్చిల్ని కూడా వదలక్కర్లేదు. కుర్చీల పేచీ లోపలా ఉంది. తెలుగునాట కతోలిక సభలో రెడ్డి క్రైస్తవులూ కమ్మ క్రైస్తవులూ పెత్తనం ఎన్నాళ్ళు చేశారో గుంటూరువాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ దేశంలో మొదటి దళిత కార్డినల్, హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ. ఆయనకు ఆ హోదా వచ్చింది 2022లో. శ్మశానంలో గోడలున్న చర్చిలు తమిళనాట ఇంకా ఉన్నాయి.

తెనాలి సంగతీ ఇక్కడే చెప్పాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర కాలువలో, పొలాల్లో పారేశారు. బతికినవాళ్ళు తెనాలి వెళ్ళి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. మళ్ళీ చర్చి గోడే. ఐతే ఆ సాల్వేషన్ ఆర్మీకి ఇదే ప్రాంతంలో ఇంకో చరిత్ర ఉంది. బాపట్లకు దగ్గర్లో స్టూవర్టుపురం. 1913 ప్రాంతంలో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ పెట్టినప్పుడు వాళ్ళకు కాపలా ఉన్నది ఆ సంస్థే. ప్రార్థన, పని, హాజరు పట్టీ. ఒకే సంస్థ, ఒకే ప్రాంతం. ఒకచోట జైలు, ఇంకొకచోట ఆశ్రయం. తేడా మతంలో లేదు. ఆ ఆవరణలో నిర్ణయాలు ఎవరు తీసుకున్నారన్నదాంట్లో ఉంది. స్టూవర్టుపురంలో ఎరుకల మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. తెనాలిలో చుండూరువాళ్ళు తమ పోరాటాన్ని తామే నడిపారు. హత్య జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కారంచేడు కేసులో కింది కోర్టు 1994లో శిక్షలు వేస్తే హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరు 19న సుప్రీంకోర్టు ముఖ్య ముద్దాయికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ళు ఖాయం చేసింది. ఇరవై మూడేళ్ళు పట్టింది.

కమిటీల్లో మన స్థానం గురించి మాట్లాడేటప్పుడు 1932 కూడా గుర్తుండాలి. పూనా ఒప్పందం తర్వాత ఆ సెప్టెంబరు 30న బొంబాయిలో అస్పృశ్యతా నివారణ సంఘం పెట్టారు. అదే తర్వాత హరిజన సేవక సంఘం. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. కేంద్ర మండలిలో అంబేద్కర్‌ను సభ్యుడిగా వేశారు. ఆయన నవంబరులో లండన్ వెళుతూ ఓడలోంచి ఠక్కర్‌కు పొడుగాటి ఉత్తరం రాశారు. మద్యం మానమనీ, స్నానం చెయ్యమనీ దళితులకు బుద్ధులు చెప్పడం కాదు, బావుల దగ్గరా బడుల దగ్గరా హక్కులకోసం నిలబడండి, దెబ్బలు తినాల్సొస్తే తినండి అని దాని సారాంశం. ఉత్తరం అందిందని కూడా జవాబు రాలేదని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఆయన ఆ మండలిలో ఉండలేదు. దళితులకు మండలిలో చోటేదని అడిగితే, ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, కాబట్టి నడపాల్సింది వాళ్ళేనని గాంధీ చెప్పారు.

ప్రాయశ్చిత్తం చేసేవాడికి తన పాపమే కనబడుతుంది, ఎదటివాడి దాహం కనబడదు. బావి దగ్గర నిలబడమని అంబేద్కర్ అడిగిన 53 ఏళ్ళకు కారంచేడు చెరువు దగ్గర నిలబడింది సువార్త ఒక్కతే. ఆ రోజు ఆమె పక్కన ఏ సేవాసంఘమూ లేదు.

ఇదంతా చదివి, ఐతే సర్వమత సంఘాలు వద్దా అని కుర్రవాళ్ళు అడుగుతారు. నేనట్లా అనను. గుజరాత్ చూశాక, ముజఫర్‌నగర్ చూశాక, నిమజ్జనం నాడు వీధిలో నడిచే నలుగురు ముసలాళ్ళ విలువ నాకు తెలుసు. మనోళ్ళు అలాంటి కమిటీల్లోకి వెళ్ళాలి కూడా. ఐతే వెళ్ళేముందు బైలా చదవండి. సంఘం ఆశయాల్లో 'మతాల మధ్య' అని ఒక్కటే ఉంటే, 'మతాల మధ్య, కులాల మధ్య' అని సవరణ పెట్టండి. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టమనండి. ఓడిపోవచ్చు. ఓడినా ఎవరు ఎటు చెయ్యెత్తారో పుస్తకంలో ఉంటుంది. ప్రతి మతం తరఫునా ఒక్కరే ఉండాలనే నియమం ఉంటే ఆ ఒక్కరు ఏ వీధినుంచి వస్తున్నారో అడగండి. ముస్లింల కుర్చీలో దూదేకులవాళ్ళు ఎప్పుడైనా కూచున్నారా, ఆడవాళ్ళు ఏ కుర్చీలోనైనా కూచున్నారా అని కూడా. సమావేశాలు ఎవరి కళ్యాణమండపంలో జరుగుతున్నాయో చూడండి. ఒక నెల మాదిగపల్లె చర్చిలో పెట్టమనండి. ఎవరెవరు రారో తెలుస్తుంది. వచ్చి మంచినీళ్ళు ఇస్తే ఎవరు తాగుతారో, ఎవరు ఇంటినుంచి సీసా తెచ్చుకుంటారో కూడా తెలుస్తుంది.

నేనివన్నీ ఆ మూడేళ్ళలో చేశానని చెప్పడం లేదు. బైలా సవరణ సంగతి నాకప్పుడు తట్టలేదు. శ్మశానం దారి మాట ఒక్కసారే ఎత్తాను. రెండోసారి ఎత్తలేదు. ఆ కంచె తర్వాత పల్లె కుర్రాళ్ళే ఒక రాత్రి పీకేశారు. వాళ్ళమీద కేసైంది. ఆ కేసు గురించీ సంఘంలో ఎవరూ మాట్లాడలేదు.

సంఘం నుంచి బయటికొచ్చేటప్పుడు తీర్మానాల పుస్తకం కొత్త కార్యదర్శికి అప్పజెప్పాలి. అప్పజెప్పేముందు ఆ రోజు పేజీ తీసి చూశాను. తుఫాను సాయానికి వచ్చిన విరాళాల లెక్క, ఇఫ్తార్ ఖర్చు, వచ్చే సమావేశం తేదీ ఉన్నాయి. కింద ఒక వాక్యం: 'అధ్యక్షులవారి అనుమతితో ఇతర విషయములు చర్చించబడినవి.' ఆ రాత నాదే.